హర్ట్-కంఫర్ట్ కథలు: ఒక పాఠకురాలిని తరచుగా అడిగే ప్రశ్నలు

ఫ్యాన్ ఫిక్షన్ చదువుతానని తెలిసినవాళ్ళు, నాకోసం ఒక కథ రాసిపెడతామన్న స్నేహితులు, ఇదేం పిచ్చి అని అడిగిన ఇంట్లోవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగిన ప్రశ్నలివి. ప్రతిసారీ ఫోన్‌లో అరగంట చెప్పడం కన్నా ఒకచోట రాసిపెడితే మేలనిపించింది. ఇవి నా ఇష్టాయిష్టాలు. మీవి వేరుగా ఉండొచ్చు.

హర్ట్-కంఫర్ట్ అంటే ఏమిటి?

మనకు ముందే తెలిసిన రెండు పాత్రలు. ఒకరికి దెబ్బ తగులుతుంది, లేదా జ్వరం వస్తుంది, లేదా లోపల ఏదో విరుగుతుంది. ఇంకొకరు వచ్చి పక్కన కూర్చుంటారు. ఆ కూర్చోవడం చుట్టూ అల్లిన కథ హర్ట్-కంఫర్ట్. సినిమాలో, సీరియల్లో, నవలలో ఉన్న పాత్రలను తీసుకుని అభిమానులు డబ్బు కోసం కాకుండా ఇష్టం కొద్దీ రాసుకునేది ఫ్యాన్ ఫిక్షన్ కాబట్టి, ఆ ఇద్దరూ ఎవరో, వాళ్ళ మధ్య ఏముందో కొత్తగా పరిచయం చేయాల్సిన పని లేదు. రచయిత నేరుగా గదిలోకి వెళ్ళిపోవచ్చు.

దీనికి దగ్గరి చుట్టాలు చాలామందే ఉన్నారు. దెబ్బ మీదే చూపంతా ఉంటే దాన్ని వంప్ అంటారు. జలుబు, జ్వరం లాంటివైతే సిక్‌ఫిక్. మనసు నలిగిపోవడమే ప్రధానమైతే ఆంగ్స్ట్. అసలు కథలో చనిపోయినవాళ్ళను బతికించో, జరిగిన అన్యాయాన్ని సరిదిద్దో రాస్తే ఫిక్స్-ఇట్. నేను మనసులో ‘దెబ్బా ఓదార్పూ’ అనుకుంటాను గానీ, వెతికేటప్పుడు ఈ ఇంగ్లిష్ పేర్లే పనికొస్తాయి.

ఇది ఇంటర్నెట్ వచ్చాక పుట్టిన అలవాటేనా?

కాదు. 1924లో అచ్చయిన ఒక షెర్లాక్ హోమ్స్ కథలో వాట్సన్ తొడకి తూటా తగులుతుంది. పైపైన తగిలిన గాయమే. కానీ అంతవరకూ రాయిలా కనిపించిన హోమ్స్ ఒక్క క్షణం వణికిపోతాడు, జేబుకత్తితో వాట్సన్ ప్యాంటు చీల్చి గాయం చూస్తాడు. ఆ ముఖం చూశాక వాట్సన్‌కి తన గాయం చాలా చిన్నదిగా అనిపిస్తుంది. అరపేజీ కూడా ఉండదు. దాని మీద అభిమానులు రాసుకున్న కథలు లెక్కలేనన్ని.

ఒక పద్ధతిగా ఇది స్థిరపడింది మాత్రం స్టార్ ట్రెక్ అభిమానుల చేతుల్లో. అంతరిక్ష ఓడలో సాగే ఆ సీరియల్ అమెరికాలో 1966లో మొదలైంది. మరుసటి ఏడాదే స్పాకనేలియా అనే అభిమానుల పత్రిక వచ్చింది. అక్కడి నుంచి అలాంటి పత్రికలు సైక్లోస్టైల్ కాపీలుగా పోస్టులో ఇంటింటికీ తిరిగాయి. రాసింది, చదివింది ఎక్కువగా ఆడవాళ్ళు. తర్వాత 1975 నుంచి 1979 దాకా నడిచిన స్టార్‌స్కీ అండ్ హచ్ అనే పోలీసు సీరియల్ అభిమానులు దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్ళారు. ఆఖరి ఎపిసోడ్‌లో స్టార్‌స్కీకి తూటాలు తగిలి ప్రాణం మీదికి వస్తుంది. తెర మీద ఆ కథ గబగబా ముగిసింది. ఆసుపత్రి గది, ఇంటికొచ్చాక మొదటి రాత్రి, మళ్ళీ మెట్లెక్కగలిగిన రోజు అభిమానులే రాసుకున్నారు. కమిల్ బేకన్-స్మిత్ అనే పరిశోధకురాలు ఈ మహిళల మధ్య ఏళ్ళ తరబడి తిరిగి 1992లో పుస్తకం వేసినప్పుడు, ఆ లోకానికి గుండెకాయ దగ్గరున్నవి ఈ కథలేనని రాసింది.

మనకైతే ఇంకా పాత సంగతి. ఇంద్రజిత్తు అస్త్రానికి రామలక్ష్మణులతో సహా సేనంతా పడిపోయినప్పుడు జాంబవంతుడు హనుమంతుడికి నాలుగు మూలికలు చెబుతాడు: మృతసంజీవని, విశల్యకరణి, సావర్ణ్యకరణి, సంధానకరణి. పోయిన ప్రాణం తెచ్చేది ఒకటి, దిగిన బాణాన్ని ఊడదీసేది ఒకటి, ఒంటికి పాత రంగు తెప్పించేది ఒకటి, విరిగినదాన్ని అతికించేది ఒకటి. కోలుకోవడం ఒక్క పని కాదు, నాలుగు పనులని ఎవరో అంత ముందే విడదీసి చెప్పారు. ఈ నాలుగూ నాకు కథలు చదివేటప్పుడు కొలబద్దలా పనికొస్తాయి. చాలా కథలు బాణం ఊడదీసి ఆగిపోతాయి. ఒంటికి రంగు తిరిగి రావడం దాకా రాసేవాళ్ళు తక్కువ.

ఒకరు బాధపడుతుంటే చదివి ఆనందించడం ఏమిటి?

ఇది మా అక్క అడిగింది. ‘మనిషి ఏడుస్తుంటే నీకు హాయిగా ఎలా ఉంటుందే?’ అని. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. తర్వాత ఆలోచించి చెప్పింది ఇది.

మా అమ్మ జ్వరంతోనే పొయ్యి వెలిగించడం చూస్తూ పెరిగాం మేమిద్దరం. ‘ఏం లేదులే, ఒళ్ళు కాస్త వెచ్చబడింది’ అనేది. ఎవరూ ఆ మాట కాదనలేదు. నాన్న కాదనలేదు, నానమ్మ కాదనలేదు, మేమూ కాదనలేదు. ఆ మాట నమ్మేస్తే అందరికీ సుఖం. అన్నం వేళకు వస్తుంది.

హర్ట్-కంఫర్ట్ కథల్లో ఆ ‘ఏం లేదులే’ దగ్గరే కథ మొదలవుతుంది. పక్కటెముక విరిగినా ఏం లేదులే అంటాడు ఒకడు. మూడు రాత్రులు నిద్రపోకపోయినా ఏం లేదులే అంటుంది ఒకామె. అప్పుడు ఇంకో మనిషి ఆగి, చూసి, ఆ మాట నమ్మకుండా కుర్చీ లాక్కుని కూర్చుంటారు. నాకు కావలసింది ఆ కుర్చీ శబ్దం. దాన్ని చేరడానికి దెబ్బ గుండా వెళ్ళాలి కాబట్టి వెళ్తాను.

మరి నిజంగా మనిషి నొప్పి చూసి సంతోషించేవాళ్ళు ఉండరా అంటే, ఉండొచ్చు. చదివేవాళ్ళందరి మనసులూ నాకు తెలియవు. నాకు తెలిసిన పాఠకుల్లో మాత్రం నర్సులున్నారు, ముసలి అత్తగారికి సేవ చేస్తున్నవాళ్ళున్నారు, ఎప్పుడూ ఎవరికీ తమ ఒంట్లో బాగోలేదని చెప్పనివాళ్ళున్నారు. పగలంతా ఇచ్చినదాన్ని రాత్రి కాసేపు ఇంకొకరు తీసుకుంటుంటే చూడాలనుకుంటారు.

మా అక్క ఇది విని ఏమీ అనలేదు. ఆ ఆదివారం అమ్మకి ఫోన్ చేసి, కాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయని రెండుసార్లు అడిగింది.

మీకు బాగా నచ్చే కథలో ఏముండాలి?

ఆ మనిషికే సరిపోయే ఓదార్పు. ఇదొక్కటే గట్టిగా కోరుకుంటాను. పేర్లు మార్చేస్తే ఇంకే జంటకైనా అతికిపోయే కథ నాకొద్దు.

స్టార్ ట్రెక్‌లోని స్పాక్‌నే చూడండి. అతనిది వల్కన్ అనే వేరే గ్రహపు జాతి, ఆ జాతివాళ్ళు తాకితే ఎదుటివాళ్ళ మనసు తెలుస్తుంది. అలాంటివాడు గాయపడి పడుకున్నప్పుడు చెయ్యి పట్టుకోవడం మామూలు విషయం కాదు, తలుపు తట్టకుండా ఇంట్లోకి వెళ్ళినట్టు. బాగా రాసేవాళ్ళు అతని స్నేహితుడు కర్క్‌ని పక్కనే కూర్చోబెట్టి, చెయ్యి మంచం అంచు మీద ఉంచి, అంతటితో ఆపుతారు. ఆ రెండంగుళాల ఖాళీ గురించి పేజీన్నర రాయొచ్చు. ఇంక కర్క్ సంగతి వేరు. 430 మంది ఉన్న ఓడకి కెప్టెన్ అతను. వాళ్ళ ముందు కుంటకూడదు. డాక్టర్ మెకాయ్ తిడుతూ కట్టు కడుతుంటే తప్ప ఒంట్లో నొప్పి ఉందని ఒప్పుకోలేడు. తిట్టే డాక్టరే అతనికి సరిపోయిన ఓదార్పు. అక్కడ మెకాయ్ చేత తీయటి మాటలు మాట్లాడిస్తే కథ చచ్చిపోతుంది.

వాట్సన్ స్వయంగా వైద్యుడు. తన జ్వరం ఎంతుందో, అది ఎటు పోతోందో తనకే తెలుసు. హోమ్స్‌కి సేవ చేయడం రాదు. టీ చేదుగా పెడతాడు, దిండు తప్పు వైపు సర్దుతాడు. ఆ రానితనంలోంచే ఎంత ప్రేమైనా చూపించొచ్చు.

ఇంకా ఏం నచ్చుతాయంటే: చేతులు ఏం చేస్తున్నాయో రాసిన కథలు. నీళ్ళ గ్లాసు ఎత్తేటప్పుడు తల కింద చెయ్యి ఎలా పెట్టారు, ఎండిన రక్తంతో వీపుకి అంటుకున్న చొక్కాని తడిపి తడిపి ఎలా తీశారు, ఆ నీళ్ళు ఎన్నిసార్లు మార్చారు. మాటలు తక్కువ ఉంటే ఇంకా నచ్చుతుంది. సేవ చేసే మనిషికీ ఒక శరీరం ఉందని గుర్తున్న కథలు మరీ నచ్చుతాయి. ఆమెకి నిద్ర వస్తుంది, నడుం నొప్పి పుడుతుంది, ఒకసారి విసుక్కుంటుంది, విసుక్కున్నందుకు వంటింట్లోకి వెళ్ళి ఏడుస్తుంది. ఆసుపత్రిలో అటెండెంటుగా రెండు రాత్రులు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నవాళ్ళెవరికైనా తెలుసు ఇది.

గాయం ఎంత పెద్దదైతే అంత బాగుంటుందా?

నాకలా అనిపించదు. నేను తిరిగి తిరిగి చదివినవాటిలో సగం మామూలు జ్వరం కథలే. జ్వరంలో మనిషి అదుపు సడలుతుంది, దాచుకున్న మాటలు నోరు జారతాయి, అయినా ప్రాణభయం ఉండదు కాబట్టి రచయిత తీరిగ్గా రాయగలరు.

ఆర్‌ఆర్‌ఆర్ మీద ఇలాంటి కథలు చాలా ఉన్నాయట, నిజమేనా?

నిజమే. 2022 మార్చిలో సినిమా విడుదలయ్యాక, ముఖ్యంగా ఓటీటీలో దేశదేశాలకీ వెళ్ళాక, తెలుగు ఒక్క ముక్క రానివాళ్ళు కూడా రామ్, భీమ్‌ల మీద కథలు రాశారు. ఎక్కువ భాగం ఇంగ్లిష్‌లోనే. నాకు ఆశ్చర్యం వేయలేదు. ఆ సినిమా అస్థిపంజరమే హర్ట్-కంఫర్ట్.

ఒకసారి వరసగా గుర్తు చేసుకోండి. కట్లపాము కాటు తిన్న రామ్, భీమ్ దగ్గరికి చేరతాడు. భీమ్ మందు వేసి, తాయెత్తు కట్టి, ప్రాణం నిలబెట్టి, నమ్మకంతో తన రహస్యం చెప్పేస్తాడు. ఆ నమ్మకం తనని వెతుకుతున్న పోలీసు చేతిలోనే పడిందని మనకి తెలుసు, అతనికి తెలియదు. తర్వాత అందరి ముందూ భీమ్‌ని కొరడాతో కొట్టాల్సింది ఆ రామే. ఆపైన చెరలో కాళ్ళు చచ్చుబడ్డ రామ్‌ని భుజాలకెత్తుకుని బయటికి తెచ్చేదీ, అడవిలో పసరు వైద్యం చేసేదీ ఆ భీమే. గాయం, సేవ, మోసం, గాయం, మళ్ళీ సేవ. అన్నీ తెర మీదే ఉన్నాయి. లేనిది తీరిక. ప్రతి గాయానికీ తర్వాతి ఫైటు తరుముకొస్తుంది. అభిమానులు ఆ తీరికని రాశారు.

వీటిలో నాకు నచ్చేవి కొరడా సంగతిని దాటవేయనివి. దేశం కోసమేగా అని ఒక్క వాక్యంతో భీమ్ చేత క్షమింపజేసే కథలు నాకు మింగుడు పడవు. కారణం భీమ్ బుర్రకి తెలుసు, వీపుకి తెలియదు. రామ్ వెనక నుంచి వస్తే అతని భుజాలు బిగుసుకోవాలి. అది చూసి రామ్ ఇకపై ఎదురుగానే రావడం నేర్చుకోవాలి. ఎవరూ ఏమీ అనుకోరు. అలాంటి ఒక్క వివరం చాలు, ఆ రచయిత రాసినవన్నీ వెతుక్కుని చదువుతాను.

నచ్చనిది ఒకటి గట్టిగా చెప్పాలి. భీమ్‌ని ఆకులు అలములు తెలిసిన అమాయకుడిగా, ఎప్పుడూ కళ్ళు పెద్దవి చేసుకుని చూసే పసివాడిగా రాస్తారు కొందరు. గోండు మనిషి అనగానే అడవి, అమాయకత్వం అని రాసేయడం మనవాళ్ళకీ అలవాటే. మందు తెలియడం విద్య. పట్నంలో మారుపేరుతో బతికి, ఎవరికీ చిక్కకుండా పథకం వేసినవాడు అతను. అతని సేవలో ఆ తెలివి కనబడాలి.

వాళ్ళు చరిత్రలో నిజమైన మనుషులు కదా?

అల్లూరి సీతారామరాజు 1924లో, కొమురం భీం 1940లో ప్రాణాలిచ్చారు. ఇద్దరూ కలిసినట్టు చరిత్రలో లేదు, సినిమా కల్పించుకున్న స్నేహం అది. నేను సినిమా పాత్రల మీద రాసినవే చదువుతాను. చరిత్ర పురుషుల జీవితాన్ని, నటుల సొంత జీవితాన్ని తీసుకుని రాసినవి చదవను. బతికున్న మనిషిని నా సంతోషం కోసం మంచాన పడేయడం నా మనసుకి ఎక్కదు.

వైద్యం వివరాలు సరిగ్గా ఉండాలా?

డాక్టరు రాసినట్టు ఉండక్కర్లేదు. కానీ పట్టించుకున్నారని తెలియాలి. గాయాన్ని పట్టించుకోని రచయిత ఆ మనిషిని కూడా పట్టించుకోవడం లేదేమో అనిపిస్తుంది నాకు.

తల మీద దెబ్బ కొడితే మూడు గంటలు స్పృహ తప్పి, లేచి పరిగెత్తేస్తారు కథల్లో. నిజంగా అంతసేపు స్పృహ తప్పితే మెదడుకి పెద్ద ప్రమాదమే. దిగిన కత్తిని ప్రేమగా లాగేస్తారు. అది ఉన్నంతసేపూ రక్తాన్ని ఆపుతూ ఉండొచ్చు, లాగితేనే ప్రాణం పోవచ్చు. తూటాని వంటింటి కత్తితో తీస్తారు. చాలాసార్లు డాక్టర్లు తూటాని లోపలే వదిలేస్తారు, వెతకడం వల్ల జరిగే నష్టం ఎక్కువ కాబట్టి.

పాముకాటు సంగతి మనవాళ్ళకి చెప్పక్కర్లేదు అనుకుంటాను గానీ చెప్పాలి. కట్లపాము కాటు చాలాసార్లు నొప్పి పెట్టదు, వాపు కూడా పెద్దగా రాదు. కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, చివరికి ఊపిరి తీసే కండరాలు పనిచేయడం మానేస్తాయి. కోసి పీల్చడం, గట్టిగా తాడు కట్టడం రెండూ ప్రమాదమే. కరిచిన కాలు, చెయ్యి కదలనివ్వకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, అక్కడ విషానికి విరుగుడు ఎక్కిస్తారు, అవసరమైతే వెంటిలేటర్ పెడతారు. సినిమా లోకంలో మూలికతో తగ్గితే నాకేం అభ్యంతరం లేదు, ఆ లోకం నియమాలవి. ఈ రోజుల్లో జరిగే కథగా మార్చి రాస్తే మాత్రం ఆసుపత్రి ఉండాలి. చదివినవాళ్ళెవరైనా పొలంలో అదే చేస్తే?

ఇంకొకటి, చెరసాల కథల్లో తరచుగా దొర్లే తప్పు. నెలల తరబడి పస్తులున్న మనిషిని విడిపించి తెచ్చి కడుపునిండా విందు పెడతారు. బాగా ఎండిపోయిన ఒంటికి ఒక్కసారిగా తిండి పడితే లవణాలు తలకిందులై గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం చివర విడుదలైన ఖైదీల్లో ఇది కళ్ళారా చూశారు. పలచని గంజి, రెండు గరిటెలు, కాసేపాగి మళ్ళీ రెండు గరిటెలు. నిజమెలా ఉందో చూశారా, విందు కన్నా ఇదే కథకి ఎంత బాగుందో! ఇంకా కావాలని చెయ్యి చాపిన స్నేహితుడికి వద్దని చెప్పాల్సి రావడం, చెబుతూ తన ముద్ద తాను మింగలేకపోవడం. తెలుసుకుని రాస్తే ఇలాంటివి వాటంతటవే వస్తాయి.

మీకు అస్సలు నచ్చనివి?

పదిహేను అధ్యాయాలు చిత్రహింస పెట్టి, పదహారో అధ్యాయం చివరి పేరాలో ఒక్క కౌగిలితో ముగించడం. ఓదార్పుకి కూడా అంత చోటూ కావాలి. దెబ్బ తగలడానికి ఒక్క క్షణం చాలు, మానడానికి నెలలు పడుతుంది. పేజీలు కూడా ఆ లెక్కనే ఉండాలని నా కోరిక.

ఒక్కరి ప్రేమ గొప్పగా కనిపించాలని మిగతా స్నేహితులందరినీ రాక్షసుల్ని చేయడం. మెకాయ్ లాంటివాడు గాయపడ్డ స్పాక్‌ని వెక్కిరించి వెళ్ళిపోయాడని రాస్తే ఆ పేజీ అక్కడే మూసేస్తాను.

గాయపడ్డవాళ్ళే క్షమాపణ అడగడం. ‘నీకు శ్రమ ఇచ్చాను’ అని ఒకసారి అంటే సహజమే. కథ కూడా దాన్ని ఒప్పుకుంటేనే నాకు కోపం వస్తుంది.

ముద్దు పెట్టుకోగానే పీడకలలు ఆగిపోవడం. దీని గురించి ఇంకాస్త చెబుతాను. ప్రేమించే మనిషి పక్కనుంటే మానడం తేలికవుతుంది, ఒప్పుకుంటాను. కానీ ఆ రాత్రి నుంచే నిద్ర పట్టిందని రాస్తే, నిజంగా అలాంటి నిద్రలేమితో ఉన్న పాఠకురాలు తనని ఎవరూ సరిగా ప్రేమించడం లేదేమో అనుకుంటుంది. నాకు తెలిసిన ఒకమ్మాయి అలాగే అనుకుంది. పీడకల మళ్ళీ రానివ్వండి. ఈసారి లేచి చూస్తే పక్కన దీపం వెలుగుతూ ఉంటే చాలు. మందులు వాడే పాత్రలు, మనోవైద్యుడి దగ్గరికి వెళ్ళే పాత్రలు కనబడితే నాకు ధైర్యంగా ఉంటుంది.

చూపు పోయిన, కాలు పోయిన పాత్రకి చివరి పేజీలో అద్భుతంగా నయం కావడం కూడా అంతే. అలా బతుకుతున్న మనుషులు చదువుతుంటారు. నయమైతేనే కథ సుఖాంతం అంటే వాళ్ళ బతుకులన్నీ దుఃఖాంతాలని చెప్పినట్టే కదా? ఆత్మహత్యా ప్రయత్నాన్ని ప్రేమ పరీక్షగా వాడుకునే కథలు హెచ్చరిక ఉన్నా చదవను.

ఆడ పాత్రల మీద ఇలాంటి కథలు తక్కువెందుకు?

రాసేది, చదివేది ఎక్కువ ఆడవాళ్ళే అయినా మంచం మీద పడుకునేది ఎక్కువగా మగవాళ్ళే. నాకిది బాధగా ఉంటుంది. బహుశా మగవాడు నొప్పిగా ఉందని ఒప్పుకోవడం అరుదు కాబట్టి దానికి విలువెక్కువ కావొచ్చు. మామూలు కథల్లో ఆడవాళ్ళకి దెబ్బలు తగలవా అంటే, తగులుతాయి, కానీ పక్కనున్న హీరోకి కోపం తెప్పించడానికి. అమెరికన్ కామిక్స్‌లో ఇలా చచ్చిపోయిన, గాయపడిన స్త్రీ పాత్రలన్నింటినీ గెయిల్ సిమోన్ 1999లో ఒక జాబితాగా పెట్టింది. ఫ్రిజ్‌లో ఆడవాళ్ళు అని దానికి పేరు. ఆ జాబితాలోని ఒక్కొక్కరికీ ఒక హర్ట్-కంఫర్ట్ కథ బాకీ ఉంది.

ఆర్‌ఆర్‌ఆర్‌లో మల్లి మీద కథలు రావాలని నా ఆశ. అమ్మ దగ్గర నుంచి లాక్కెళ్ళి పరాయి కోటలో పెట్టిన పిల్ల. గూడేనికి తిరిగొచ్చాక ఆ పిల్ల ఏ రాత్రి మొదటిసారి చేతులు వదిలేసి నిద్రపోయింది? ఎవరు పాట పాడారు? ఆ పిల్ల మళ్ళీ ఎవరి చేతికైనా గోరింటాకు బొమ్మ వేయడానికి ఎన్నాళ్ళు పట్టింది?

ఓదార్పు లేకుండా బాధే ఉన్న కథలు చదువుతారా?

హర్ట్ నో కంఫర్ట్ అని ముందే చెబితే, ఎప్పుడైనా ఒకటి. చెప్పకుండా పెడితే మాత్రం ఆ రచయిత దగ్గరికి మళ్ళీ వెళ్ళను.

ట్యాగులు, హెచ్చరికలు ఎలా చూసుకోవాలి?

ట్యాగులంటే కథలో ఏముందో చెబుతూ రచయిత తగిలించే చిన్న చీటీల్లాంటివి. నేను ఎక్కువగా చదివేది ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ అనే వెబ్‌సైట్‌లో. 2009 నుంచి నడుస్తోంది, అభిమానులే లాభాపేక్ష లేకుండా నడుపుకుంటారు, 2019లో సైన్స్ ఫిక్షన్ రంగంలో ఇచ్చే హ్యూగో అవార్డు కూడా వచ్చింది. అక్కడ తీవ్రమైన హింస, ముఖ్యపాత్ర మరణం, అత్యాచారం, మైనర్లకి సంబంధించిన లైంగిక విషయాలు, ఈ నాలుగింటికీ విడిగా హెచ్చరికలుంటాయి. హెచ్చరిక చెప్పదలచుకోలేదు అని కూడా రచయిత పెట్టొచ్చు. అంటే లోపల ఏదైనా ఉండొచ్చని అర్థం, ఏమీ లేదని కాదు. కొత్తవాళ్ళు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. డెడ్ డవ్ అనే ట్యాగు కనబడితే, మిగతా ట్యాగుల్లో రాసిందంతా ఉన్నదున్నట్టు లోపల ఉంటుందని గట్టిగా చెబుతున్నట్టు.

వద్దనుకున్న ట్యాగులను వడపోసే వీలుంది, సిగ్గుపడకుండా వాడండి. నాన్న ఆసుపత్రిలో ఉన్న నెల నేను ఆసుపత్రి అన్న ట్యాగున్నవన్నీ తీసేసి చదివాను. ఇంటికొచ్చాక మళ్ళీ పెట్టుకున్నాను.

తెలుగులో ఇలాంటి కథ రాస్తే ఎలా ఉంటుంది?

నాకు ఎంతో ఇష్టమైన ప్రశ్న. ఇంగ్లిష్ కథల్లో జ్వరమొస్తే చికెన్ సూప్, దుప్పటి, ఒంటరి గది. మనకి లంఖణం ఉంది, పథ్యం ఉంది, శొంఠి కాఫీ ఉంది, జ్వరం తగ్గిన మొదటి రోజు పెట్టే చారన్నం ఉంది. దిష్టి తీయడం ఉంది. నమ్మకం ఉన్నా లేకపోయినా ఉప్పూ మిరపకాయలూ గుప్పిట పట్టుకుని ఒక మనిషి మన చుట్టూ మూడుసార్లు చెయ్యి తిప్పడం కన్నా చూడముచ్చటైన ఓదార్పు ఏముంది?

మన ఇళ్ళల్లో ఒంటరి గది ఉండదు. హాల్లో చాప మీద పడుకున్నవాడి చుట్టూ పదిమంది ఉంటారు. బత్తాయిలు, బ్రెడ్డు పట్టుకుని చుట్టాలు వస్తారు, ఎవరెవరికి ఇలాగే జరిగి ఏమైందో చెబుతారు. ఆ గోల మధ్యలో ఇద్దరు మనుషులు ఒకరికొకరు ఎలా దొరకాలి? మందు అందిస్తూ వేళ్ళు ఒక్క క్షణం ఎక్కువ ఆగడం, చుట్టాలని మాటల్లో పెట్టి వాకిట్లోకి తీసుకెళ్ళడం, కొళాయి దగ్గర చెయ్యి కడిగిస్తూ ‘నిజం చెప్పు’ అని అడగడం. ఇవి మన కథలే రాయగలవు.

ఇంకా మీరు, నువ్వు ఉన్నాయి. ఏళ్ళుగా ‘మీరు’ అన్న మనిషి జ్వరం మత్తులో ‘నువ్వు వెళ్ళకు’ అంటే, ఆ ఒక్క మాటకి ఇంగ్లిష్‌లో ఒక అధ్యాయం కావాలి. తెల్లారి జ్వరం తగ్గాక మళ్ళీ ‘మీరు’ అంటారా, అనరా? నేనైతే తెల్లారేదాకా మేలుకుని చదువుతాను. భీమ్ రామ్‌ని పిలిచే ‘అన్నా’ కూడా అంతే. కొరడా దెబ్బల తర్వాత అదే పిలుపు మళ్ళీ నోటికి ఎప్పుడొచ్చింది? ఇంగ్లిష్‌లో రాసేవాళ్ళు కూడా ఆ పిలుపుని అలాగే ఉంచేస్తారు, దాని బరువు వాళ్ళకీ అందింది.

కథ ఎక్కడ ముగిస్తే మీకు నచ్చుతుంది?

పూర్తిగా కోలుకున్నాక కాదు, దానికి కాస్త ముందు. స్నేహితులు ఇదెప్పుడూ అడుగుతారు కాబట్టి నేను చదవాలనుకునే ముగింపు ఒకటి చెబుతాను, ఎవరైనా రాసుకోవచ్చు.

రామ్ కాళ్ళు ఇంకా పూర్తిగా నిలవలేదు. ఏటి రేవుకి దిగే రాతిమెట్లు, పొద్దున్నే తడిగా ఉన్నాయి. భీమ్ రెండు మెట్లు ముందు దిగుతూ, ఆగి నీళ్ళల్లో చేపలేవో చూస్తున్నట్టు నిలబడతాడు. మళ్ళీ రెండు మెట్లు, మళ్ళీ చేపలు. అక్కడ చేపల్లేవని ఇద్దరికీ తెలుసు. ఏడో మెట్టు మీద రామ్ ఆగి, రాయి పట్టుకుని, ఊపిరి పీల్చుకుంటాడు. ‘ఏందన్నా?’ అంటాడు భీమ్ వెనక్కి తిరక్కుండా. ఏం లేదులే అనబోయి రామ్ ఆగిపోతాడు.

‘నొప్పిగా ఉంది. కాసేపు కూర్చుందాం.’

భీమ్ రెండు మెట్లు పైకి వచ్చి, తడి రాయి మీద తన కండువా పరుస్తాడు.